ఏం దొరికింది?



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆయన పేరు ఆహ్వాన పత్రికలో చూసే వచ్చారు మీరంతా. నేను మాత్రం ఈ గంటసేపూ ఆయన్ని మా ఊళ్ళో పిలిచినట్టే గుమాస్తా గారనే అంటాను. రైసుమిల్లులో పద్దులు రాసేవారు కాబట్టి ఊరికి ఆయన గుమాస్తా గారు. మిల్లు నుంచి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, ఇంత అన్నం తిని, ఆరు గంటలకల్లా గ్రంథాలయం తాళం తీసేవారు. ఎనిమిదిన్నర దాకా అక్కడే. ముప్పై ఏళ్ళకు పైగా అలా చేశారు. ఊళ్ళో సగం మంది ఆయన దగ్గర ఏదో ఒకటి నేర్చుకున్నవాళ్ళే అయినా ఎవరూ ఆయన్ని మాస్టారూ అని పిలవలేదు. ఆయన చదివింది ఐదో తరగతి. ఆ పిలుపు బడిపంతుళ్ళదే.

ఈ ఉపన్యాసానికి నిధి ఏర్పాటు చేసిన ఆయన మనవరాలు రెండు నెలల కిందట మా ఇంటికి వచ్చి ఒక పుస్తకం నా చేతిలో పెట్టింది. ఎర్రగుడ్డ అట్ట, పొడుగాటి కాగితాలు. మిల్లులో వాడగా మిగిలిన ఖాతా పుస్తకం. ఒక్కో పేజీకి నాలుగు గడులు. తేదీ, పేరు, పుస్తకం పేరు అని మూడింటికి పైన రాసి ఉంది. నాలుగో గడికి పేరు పెట్టలేదు. అందులో మిల్లు పద్దుల దస్తూరీతోనే చిన్న చిన్న మాటలు ఉన్నాయి. నిమ్మచెట్ల తెగులు గురించి అడిగాడు, లేదు, తెప్పించాలి. ఆయిలింజను పుస్తకం రెండోసారి పట్టుకెళ్ళాడు. బాలింత వైద్యం, వాళ్ళావిడ కోసం, మళ్ళీ వచ్చినప్పుడు కనుక్కోవాలి. కొన్నిటి పక్కన టిక్కు ఉంది. కొన్నిటికి లేదు.

ఆ టిక్కు ఎప్పుడు పడుతుందో నాకు తెలుసు. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు ఆయన అందర్నీ ఒకే మాట అడిగేవారు: "ఏం దొరికింది?" చదివావా అని కాదు, అర్థమైందా అని కూడా కాదు. నాకప్పుడు పదకొండేళ్ళు. నక్షత్రాల గురించి పిల్లల పుస్తకం ఒకటి తీసుకెళ్ళాను. అందులో ధ్రువనక్షత్రాన్ని ఆకాశంలో బాగా ఎత్తున ఉన్నట్టు బొమ్మ వేశారు. వారం రోజులు పెరట్లో నిలబడి వెతికితే, ఉత్తరాన, బాగా కిందుగా, చెట్ల గుబుర్లకు కాస్త పైన మినుకుమంటూ కనిపించింది. చెయ్యి చాచి కొలిస్తే నేలకు జానెడు ఎత్తు. ఆ మాటే ఆయనతో చెప్పాను, పుస్తకంలో తప్పు ఉందేమో తాతయ్యా అని భయపడుతూనే. ఆయన లేచి, గ్రంథాలయానికి తాళం వేసి, నాతో మా పెరట్లోకి వచ్చారు. చెయ్యి చాచారు, వేళ్ళు విప్పారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు నాలుగో గడిలో టిక్కు పడింది. పక్కన రాసిన మాట మొన్ననే మొదటిసారి చదివాను. ధ్రువుడు జానెడు ఎత్తు, నిజమే, చూశాను అని ఉంది.

భూమధ్యరేఖకు ఎన్ని డిగ్రీల ఉత్తరాన మనం ఉంటే, ధ్రువనక్షత్రం దిగంతం నుంచి దాదాపు అన్ని డిగ్రీల ఎత్తున కనబడుతుంది. మా కృష్ణా డెల్టాకు అది 16 డిగ్రీలు. ఇది కాలేజీలో తెలిసింది. కానీ ఆ రాత్రి నాకు దొరికింది ఆ లెక్క కన్నా పెద్దది. నా అంతట నేను కనుక్కున్న సంగతిని ఒక పెద్దమనిషి పనిగట్టుకుని వచ్చి చూశారు. ఈవేళ నేను మాట్లాడదలచుకున్నది ఈ చూడటం గురించే. బడి బయట, కాలేజీ బయట, ఎవరూ చెప్పకుండా మనిషి తనంతట తాను నేర్చుకున్నదాన్ని గుర్తించడమంటే ఏమిటి? అది ఎవరి పని? ఎలా చెయ్యాలి?

మన దేశంలో స్వయంకృషికి పొగడ్తలకు కొదవ లేదు. ఎవరైనా పైకి వచ్చాక దండలు వేస్తాం. వచ్చేదాకా మాత్రం ఎక్కడ చదివావనే అడుగుతాం. గుమాస్తా గారి ప్రశ్న వేరు. ఆ ప్రశ్న అడగడం తెలిసినవాళ్ళు మన తెలుగునేల మీద ఒకప్పుడు చాలామంది ఉండేవారు.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య గారు ఊరూరా తిరిగి పుస్తకాల గదులు తెరిపించారు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వచ్చింది. అంతకు ముందే, 1901లో, నిజాం రాజధానిలో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది. మా వైపు 1935లో పాతూరి నాగభూషణం గారు పెదపాలెం దగ్గర కాలువలో పడవ మీద పుస్తకాలు వేసి రేవు రేవుకీ పంపారు. పడవ ఆగితే గట్టు మీద పొలం పనివాళ్ళు వచ్చి పుస్తకం మార్చుకునేవాళ్ళు. రెక్కలాడితే గాని డొక్కాడని మనిషి దగ్గరికి పుస్తకమే నడిచి వెళ్ళాలన్నది ఆ తరం పట్టుదల. ఆ తరమే మాకు ఈ గుమాస్తా గారిని ఇచ్చింది.

తనంతట తాను నేర్చుకోవడం అనగానే ఒంటరి మనిషి బొమ్మ మన కళ్ళ ముందు మెదులుతుంది. నేను చూసినంతలో ఒంటరిగా నేర్చుకున్నవాళ్ళు లేరు. భండారు అచ్చమాంబ గారు బడి ముఖం చూడలేదు. పదేళ్ళకే పెళ్ళయింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తెలుగూ హిందీ పట్టుకున్నారు. ఆ మనిషే తర్వాత స్త్రీల జీవిత చరిత్రలు సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాశారు. 1902లో 'ధనత్రయోదశి' కథ అచ్చయింది. ముప్పై ఒకటో ఏడు నిండకుండానే, 1905లో, కన్నుమూశారు. ఆమె వెనక ఒక తమ్ముడు ఉన్నాడు. పక్కన కూర్చోనిచ్చిన తమ్ముడు.

వట్టికోట ఆళ్వారుస్వామి గారి సంగతి చూడండి. నల్లగొండ జిల్లాలో పుట్టి, చిన్నతనాన ఒకరింట్లో వంటపని చేస్తూ ఆ ఇంట్లోనే అక్షరాలు నేర్చుకున్నారు. బెజవాడలో హోటల్లో సర్వరుగా పనిచేశారు. హైదరాబాదు వచ్చి 'గోలకొండ పత్రిక'లో ప్రూఫులు దిద్దారు. అక్కడ ఒక్క క్షణం ఆగాలి. చేతికి ప్రూఫు ఇచ్చి దిద్దమనడం కన్నా నికార్సయిన భాషాపరీక్ష ఏముంది? తప్పు దొరికిందా లేదా, అంతే. డిగ్రీ అడగక్కర్లేదు. ఆయన 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి ముప్పైకి పైగా పుస్తకాలు అచ్చువేశారు. వాటిని భుజాన వేసుకుని తిరిగి అమ్మారు. గ్రంథాలయాలు నడిపారు, జైలుకు వెళ్ళారు, 'ప్రజల మనిషి' నవల రాశారు. జైల్లో తోడున్న దాశరథి తన 'అగ్నిధార'ను ఆయనకే అంకితమిచ్చారు. చదువుకున్న కవి తన తొలి కావ్యాన్ని ఒకప్పటి వంటకుర్రాడికి అంకితమివ్వడం కన్నా పెద్ద పట్టా ఏ విశ్వవిద్యాలయం ఇవ్వగలదో నాకు తెలియదు.

ఇక రామానుజన్ గారి కథ. అది తమిళనేల కథే అయినా అందులో ఒక ఘట్టం మన నెల్లూరులో జరిగింది. కుంభకోణంలోనూ మద్రాసులోనూ ఎఫ్‌.ఏ. పరీక్ష తప్పిన కుర్రవాడు. లెక్కలు తప్ప మరేమీ పట్టలేదు. 1910 చివర్లో నోటుపుస్తకం చంకలో పెట్టుకుని నెల్లూరు కలెక్టరు ఆర్‌. రామచంద్రరావు గారి దగ్గరికి వెళ్ళాడు. కలెక్టరు గారికి గణితం మీద ప్రేమ. ఆ నోటుపుస్తకంలో ఉన్నది అంతా ఆయనకు అర్థం కాలేదు. అయినా పంపించెయ్యలేదు. మళ్ళీ రమ్మన్నారు, తెలిసిన చోటి నుంచి మొదలుపెట్టి చెప్పించుకున్నారు, మెట్టు మెట్టుగా వింటూ పోయారు. చివరికి నమ్మకం కుదిరి నెలనెలా తన సొంత డబ్బు ఇచ్చారు. ఆ తర్వాత మద్రాసు పోర్ట్ ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తా ఉద్యోగం, కేంబ్రిడ్జికి ఉత్తరం, 1913లో మద్రాసు విశ్వవిద్యాలయం 75 రూపాయల పరిశోధక వేతనం. డిగ్రీ లేనివాడికి పరిశోధక వేతనమేమిటన్న శంక అప్పుడూ వచ్చింది. ఇచ్చారు. 1918లో ఆయన రాయల్ సొసైటీ సభ్యుడయ్యారు. రామానుజన్ మేధను గురించి లక్ష మాటలు రాశారు జనం. నేను మాత్రం నెల్లూరులో కూర్చుని అర్థం కానిదాన్ని ఓపిగ్గా విన్న ఆ కలెక్టరు గారిని తరచు తలుచుకుంటాను.

మేధావుల్ని వదిలి మామూలు ఇళ్ళలోకి వద్దాం. పోచంపల్లి చీర మీలో చాలామంది కట్టి ఉంటారు, కొని ఉంటారు. ఆ చీర అందమంతా నేయకముందే నూలుకు ముడులు వేసి రంగులద్దడంలో ఉంది. ముడి ఎక్కడ పడాలో తెలియాలంటే ముందు పేక దారాన్ని కొలత ప్రకారం పేర్చుకోవాలి. ఆ పేర్చడాన్నే ఆసు పోయడం అంటారు. ఒక కొసన ఒక మేకు. ఎదురుగా విల్లులా వంగిన చెక్క మీద వరసగా మేకులు. దారం పట్టుకున్న చెయ్యి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు దాదాపు మీటరు దూరం ఆడుతూనే ఉండాలి. ఒక్క చీరకు 9,000 సార్లు. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. ఇది ఇంటి ఆడవాళ్ళ పని. నలభై దాటేసరికి భుజం లేవదు.

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు ఆరో తరగతితో బడి మానేసి మగ్గం ఎక్కారు. తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక 1992లో ఆసు పోసే యంత్రం కోసం చెక్కలూ మేకులూ పట్టుకున్నారు. గియర్లంటే ఏమిటో, మోటారు ఎలా తిరుగుతుందో చెప్పేవాళ్ళు లేరు. ఒక్కో కదలికకూ ఒక్కో ఉపాయం వెతుక్కుంటూ పోయారు. డబ్బు అయిపోతే హైదరాబాదు వచ్చి కూలి చేశారు. ఆఖరి చిక్కు ఒకటి మిగిలిపోతే, బాలానగర్‌లో పనికి వెళ్ళినప్పుడు అక్కడ ఒక యంత్రం కదిలే తీరులో దానికి జవాబు కనిపించింది. 1999 నాటికి యంత్రం నడిచింది. నాలుగైదు గంటలు పట్టే ఆసు గంటన్నరలో అయిపోయింది. దానికి తల్లి పేరే పెట్టారు. తర్వాత పుస్తకాలు తెచ్చుకుని ఎలక్ట్రానిక్స్ నేర్చుకుని యంత్రాన్ని ఇంకా మెరుగు చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఆ పురస్కారం రావలసిందే. నా మనసు మాత్రం 1992కీ 1999కీ మధ్యన ఉన్న ఏడేళ్ళ దగ్గర ఆగిపోతుంది. ఆ ఏడేళ్ళలో ఆయన ఒక ఇంజనీరింగు కోర్సు పూర్తి చేశారు. సిలబసు తనే రాసుకుని, తప్పులు తనే దిద్దుకుని. ఆ కాలంలో ఎవరైనా ఆయన్ని ఏం చదువుకున్నావని అడిగి ఉంటే ఆరో తరగతి అని చెప్పుకోవలసి వచ్చేది. ఇంకో మాట కూడా అనాలి. ఆ యంత్రం సరిగ్గా పోస్తోందా, దారం బిగువు కుదిరిందా అని చెప్పగలిగినవాళ్ళు ఎవరు? ఆసు పోసే తల్లులే. ఎన్ని పోగులకు ఎన్ని మేకులు, ఏ డిజైనుకు ఏ లెక్క అన్నది వాళ్ళ వేళ్ళకు తెలుసు. ఆ లెక్కకు ఇంతవరకు ఏ తరగతీ లేదు.

ఇలాంటివాళ్ళను వెతుక్కుంటూ నడిచేవాళ్ళున్నారు. సైన్యంలో బ్రిగేడియరుగా పనిచేసి వచ్చిన పోగుల గణేశం గారి 'పల్లె సృజన' సంస్థ శోధయాత్ర పేరుతో ఊళ్ళ వెంట కాలినడకన పోతుంది. రైతు తనకోసం చేసుకున్న పనిముట్టు ముందు, చెట్టు కింద, నేల మీద కూర్చుని అది ఎలా పనిచేస్తుందో అడుగుతారు. మల్లేశం గారికి పేటెంటు దారిలో తోడు నిలిచింది కూడా ఆ సంస్థే. దరఖాస్తు ఫారం పంపండి పరిశీలిస్తాం అని కూర్చుంటే ఇలాంటి మనిషి ఎన్నటికీ దొరకడు. ఫారం నింపగలిగితే అతను ఈపాటికి ఏదో ఒక ఆఫీసులో ఉండేవాడు.

మరి ప్రతి ఊరికీ నడిచి వెళ్ళగలమా, లక్షల మందికి ఇది కుదురుతుందా అని అడుగుతారు మీరు. కుదిరించినవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ముందు దుర్గాబాయమ్మ గారిని చెప్పాలి.

రాజమండ్రిలో 1909లో పుట్టారు. చిన్నతనంలోనే బడి మానేశారు. తనంతట తాను హిందీ నేర్చుకుని, పన్నెండు పదమూడేళ్ళ పిల్ల ఆడవాళ్ళకు హిందీ పాఠశాల నడిపింది. ఉప్పు సత్యాగ్రహంతో మొదలుపెట్టి మూడుసార్లు జైలుకు వెళ్ళారు. జైల్లో ఆమె చూసింది తోటి ఖైదీ స్త్రీలను. తమ మీద మోపిన నేరమేమిటో, ఏ కాగితం మీద వేలిముద్ర వేశామో కూడా తెలియని ఆడవాళ్ళను. బయటికి వచ్చాక లా చదవాలని పట్టుబట్టారు. దానికి ముందు మెట్రిక్ కావాలి. అప్పటికి ఇరవై నాలుగేళ్ళు దాటాయి, బడిలో చేర్చుకునేదెవరు? ఆ రోజుల్లో బడికి వెళ్ళని ఆడపిల్లలకు ఒకే దారి ఉండేది, బెనారస్ మెట్రిక్. కాశీ హిందూ విశ్వవిద్యాలయం ఇంటి దగ్గర చదువుకున్నవాళ్ళను కూడా పరీక్షకు కూర్చోనిచ్చేది. మా అమ్మమ్మ తరంలో 'ఆవిడ బెనారస్ మెట్రిక్కు పాసయిందట' అంటే ఆ గొంతులో ఒక గౌరవం పలికేది. దుర్గాబాయమ్మ గారు ఆ దారిలోనే వెళ్ళి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ. ఆనర్సు చేసి, మద్రాసులో లా పూర్తి చేసి, రాజ్యాంగ సభలో కూర్చున్నారు.

అంతటితో ఆగితే అది ఒక మనిషి విజయగాథ. ఆమె అక్కడ ఆగలేదు. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను కూర్చోబెట్టి అదే బెనారస్ మెట్రిక్కుకు తయారు చేశారు. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యాక, 1958లో, వయసు మీరిన స్త్రీల కోసం దేశమంతటా సంక్షిప్త విద్యా కోర్సులు తెచ్చారు. వితంతువులు, భర్త వదిలేసినవాళ్ళు రెండేళ్ళలో మెట్రిక్కు దాకా వచ్చి నర్సులయ్యారు, గ్రామసేవికలయ్యారు, టీచర్లయ్యారు. అన్నేళ్ళు సంసారం ఈది, పిల్లల్ని పెంచి, జమాఖర్చులు చూసిన మనిషి ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు, ఆమెకు తెలిసినది తెలిసినట్టే లెక్క అన్నది ఆ కోర్సుల ప్రాణం. తను దూరిన ఇరుకు సందును ఆమె వెనక వచ్చేవాళ్ళకు బాటగా వేశారు.

అలా కుదిరించిన రెండో పని మన హైదరాబాదులో జరిగింది. 1982 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. దేశంలో అదే మొదటిది. తొలి ఉపకులపతి కరీంనగర్ జిల్లా నుంచి వచ్చిన ఆచార్య జి. రామ్‌రెడ్డి గారు. తర్వాత 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టిందీ ఆయనే. ఇంటరు, టెన్తు సర్టిఫికెట్లు లేనివాళ్ళకు కూడా ఒక అర్హత పరీక్ష పెట్టి, అందులో నెగ్గితే నేరుగా డిగ్రీలో చేర్చుకున్నారు. తెలుగులోనే పాఠాలు. ఆదివారాలు మామూలు కాలేజీ గదుల్లో తరగతులు. ఈ చిన్న నియమం ఎంత పెద్దదో ఒక్కసారి ఆలోచించండి. ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం 'నువ్వు ఎక్కడి నుంచి వచ్చావో నాకు అక్కర్లేదు, నీకేం తెలుసో చెప్పు' అంది. గుమాస్తా గారి ప్రశ్న చట్టమైంది. అంబేడ్కర్ శతజయంతి ఏడాది ఆ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. ఆ పేరు దానికి తగినదే.

నేను చరిత్ర లెక్చరరుగా పనిచేస్తూ పదేళ్ళకు పైగా ఆ ఆదివారం తరగతులు చెప్పాను. నా ఎదుట బెంచీల మీద బస్సు కండక్టరు, ఆసుపత్రి ఆయా, హోంగార్డు, టైలరు కూర్చునేవారు. ఒకసారి రైత్వారీ పద్ధతి గురించి పాఠం చెబుతున్నాను. వెనక బెంచీలో మిషను కుట్టే ఒకావిడ చెయ్యెత్తి, వచ్చే వారం ఒకటి తెస్తానమ్మా అంది. తెచ్చింది. పాత పంచెముక్కలో మూట కట్టిన శిస్తు రసీదులు, వాళ్ళ తాతలనాటివి. ఏ కరువు ఏడాది రెమిషను వచ్చింది, ఏ ఏడాది రాలేదు, ఏ ఏడాది పొలం చెయ్యి మారింది, అన్నీ వరసగా పెట్టి చెప్పింది. పాతికేళ్ళుగా పుస్తకంలోంచి చెబుతున్న పాఠం నాకు ఆ రోజు కాగితాల మీద కనిపించింది. ఆవిడ ఎనిమిదో తరగతితో ఆగిపోయి, అర్హత పరీక్ష రాసి వచ్చింది. బి.ఏ. మంచి మార్కులతో పాసయింది.

ఆ తర్వాత ఆవిడ ఒక ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. పోటీ పరీక్షలో నెగ్గింది. సర్టిఫికెట్లు చూసే రోజున అవతలివాళ్ళు 'ఇంటరు ఏది?' అన్నారు. డిగ్రీ ఉంది కదా అంటే, కింది మెట్టు లేకుండా పై మెట్టు చెల్లదన్నారు. ఆవిడ నా దగ్గరికి వచ్చి ఏడవలేదు. నాలుగో గడి ఖాళీగా ఉందమ్మా అన్నట్టు చూసింది, అంతే. ఇలాంటివాళ్ళు ఒక్కరు కాదు. ముందు గేటు తీసి లోపలికి పిలిచి, లోపలి తలుపు దగ్గర నిలబెట్టేస్తే ఆ మనిషి బయట ఉన్నప్పటికన్నా ఎక్కువ పోగొట్టుకుంటుంది. ఏళ్ళు పోతాయి, నమ్మకం పోతుంది. అర్హత పరీక్ష ద్వారా వచ్చిన డిగ్రీని ఏ ఆఫీసూ తక్కువ చెయ్యకూడదని స్పష్టంగా రాసి ఉండాలి. అది రాయించే బాధ్యత విశ్వవిద్యాలయాలదీ ప్రభుత్వాలదీ. మనలాంటివాళ్ళం అడుగుతూనే ఉండాలి.

ఇప్పుడు కొత్త ఏర్పాట్లు వచ్చాయి. అనుభవంతో నేర్చుకున్న నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతిని కేంద్ర ప్రభుత్వం 2015లో మొదలైన కౌశల్ వికాస్ యోజనలో చేర్చింది. ఉద్దేశం మంచిది. అలాంటి పరీక్ష ఒకటి నేను దగ్గరుండి చూశాను. మా ఇంటి గోడలు కట్టిన తాపీ మేస్త్రీ తోడు రమ్మంటే వెళ్ళాను. ముప్పై ఏళ్ళ అనుభవం. గోడను కంటితో చూసి అర అంగుళం వాలు చెప్పేస్తాడు. అక్కడ ఆయన చేతికి ఒక ట్యాబ్ ఇచ్చారు. తెర మీద ప్రశ్న: సమతలాన్ని సరిచూసే పనిముట్టు ఏది? కింద నాలుగు పేర్లు, అన్నీ తెలుగు లిపిలో రాసిన ఇంగ్లీషు మాటలు. అందులో స్పిరిట్ లెవెల్ ఉంది. ఆయన జీవితమంతా దాన్ని రసమట్టం అన్నాడు. ఆయన సంచిలోనే ఉంది అది. కొస దగ్గర చెక్క అరిగి, గాజుగొట్టంలో పాదరసం రంగు బుడగతో, పక్కనే బెంచీ మీద. ఆయన తెర వంక చూశాడు, సంచి వంక చూశాడు, ఏదో ఒకటి నొక్కాడు.

పది నిమిషాలు ఆ సంచి విప్పించి, రెండు వరసలు ఇటుక పేర్పించి చూసి ఉంటే చాలు. పరీక్షించడానికి ఇంకో మేస్త్రీ కావాలి, ఇటుకలు కావాలి, సమయం కావాలి. వాటికి డబ్బు ఖర్చవుతుంది. అవునండీ, అవుతుంది. ఫ్రాన్స్‌లో 2002లో ఒక చట్టం తెచ్చారు. అనుభవంతో నేర్చుకున్న మనిషి తను ఏమేం చేశాడో వివరంగా రాసి ఒక సంఘం ముందుకు వెళ్ళవచ్చు. ఆ సంఘంలో చదువు చెప్పేవాళ్ళతో పాటు ఆ వృత్తి చేసేవాళ్ళూ కూర్చుంటారు, ఆయనతో మాట్లాడతారు. తృప్తి పడితే కాలేజీ పిల్లలకు ఇచ్చే అదే పట్టా ఇస్తారు. రెండో రకం పట్టా కాదు. మనకు ఫ్రాన్స్ దాకా పోనక్కర్లేదనుకుంటే నెల్లూరు కలెక్టరు గారి ఇల్లు ఉంది, గోలకొండ పత్రిక ప్రూఫుల బల్ల ఉంది. మేస్త్రీని మేస్త్రీ చూడాలి, ఆసును ఆసు పోసే తల్లి చూడాలి, రసమట్టాన్ని రసమట్టమనే అడగాలి. పనివాడి మాట రాని పరీక్ష పనివాడికి పరీక్ష కాదు.

గ్రంథాలయాల గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఇంటిపన్ను కట్టేటప్పుడు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మనమంతా కడుతున్నాం. ఆ డబ్బు పుస్తకంగా మారి మన ఊరి గదిలోకి వచ్చిందో లేదో అడిగి తెలుసుకోండి. మా ఊళ్ళో ఆ గది ఇప్పుడు తాళం వేసి ఉంది. ఈ నిధి మీద వచ్చే వడ్డీలో కొంత ఆ తాళం తీయించడానికి వాడాలని ఆయన మనవరాలు అనుకుంటోంది. సాయంత్రం పూట కూర్చోవడానికి ఒక మనిషి కావాలి. నేను రిటైరయ్యాను. వారంలో మూడు రోజులు కూర్చుంటానని మాట ఇచ్చాను.

ఎర్ర అట్ట పుస్తకం ఈ బల్ల మీదే ఉంది. సభ అయ్యాక చూడాలనుకున్నవాళ్ళు చూడవచ్చు, చేతులు తుడుచుకుని పట్టుకోండి, కాగితం పెళుసుగా ఉంది. చివరి పేజీలో, ఆయన పోవడానికి పదకొండు రోజుల ముందు తేదీతో ఒక పద్దు ఉంది. పేరు గడిలో ఆయన తన పేరే రాసుకున్నారు. ఒక ఖగోళశాస్త్ర గ్రంథం తీసుకున్నారు. ఆ పుస్తకం తిరిగి అలమారలోకి చేరింది, నేను వెళ్ళి చూశాను. నలభై రెండో పేజీలో మిల్లు రసీదు ముక్క ఒకటి గుర్తుగా పెట్టి ఉంది.

నాలుగో గడిలో ఏమీ లేదు. ఏం దొరికిందని ఆయన్ని అడిగినవాళ్ళు లేరు.